పైరేకు విప్పేదాకా

నేను నల్లగా, కాస్త బొద్దుగా ఉంటాను. ఈ మాట నేనే ముందు చెప్పేస్తే ఎదుటివాళ్ళకి శ్రమ తప్పుతుందని చిన్నప్పుడే అలవాటు చేసుకున్నాను. మాది ఆత్రేయపురం. మా ఇంటి వీధిగదిలోనే పూతరేకుల కొట్టు. పొయ్యి మీద బోర్లించిన కుండ దగ్గర పొద్దున్నుంచీ కూర్చున్నా నాకు విసుగు రాదు. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డని వేడి కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు వచ్చేస్తుంది. నా చేతి రేకంత పల్చగా మా వీధిలో ఎవరూ తియ్యలేరు. కావాలంటే అడిగి చూడండి.

రేకులన్నాక కొన్ని చిరుగుతాయి. వాటిని పారెయ్యం. లోపల పొరలుగా పరిచి, నెయ్యీ బెల్లప్పొడీ వేసి, పైన ఒక నిండు రేకు చుడతాం. ఓ మధ్యాహ్నం ఒకాయన కొట్టుకొచ్చి, పది పూతరేకులు కట్టమని, ఈ పనంతా కాసేపు చూశారు. నున్నటి బట్టతల, దాని మీద చెమట. చిరిగినవి లోపల దాచి మంచిది పైన కప్పడం మోసం కాదా అని అడిగారు. నాకు ఒళ్ళు మండింది.

"నెయ్యి పట్టేది చిరిగినవాటికేనండి. పైరేకు సోకు మీరు విప్పేదాకే" అన్నాను.

ఆయన నవ్వి, పొట్లం పట్టుకుని వెళ్ళిపోయారు. నేను ఆ సంగతి మర్చిపోయాను.

అవి నాకు సంబంధాలు చూస్తున్న రోజులు. మూడు తప్పిపోయాయి. అమ్మాయి బంగారమేగానీ కాస్త రంగు తక్కువ అని మూడు కుటుంబాలూ ఒకే మాట పంపాయి. నాలుగోదానికి మా అమ్మ తెగించింది. స్టూడియోకి తీసుకెళ్ళి ఫొటో తీయించి, కంప్యూటర్లో ఎంత తెలుపు చేయించిందంటే, అందులో నా ముక్కు కనిపించడం మానేసింది. ఇది నేను కాదు, పంపొద్దు అని గొడవ పెట్టుకున్నాను. పెళ్ళయ్యాక ఎలాగూ తెలుస్తుంది కదే అంది. అప్పటికే ఆ ఫొటో వాట్సాప్‌లో భీమవరం చేరిపోయింది.

అబ్బాయివాళ్ళకి అక్కడ ఐస్ ఫ్యాక్టరీ ఉంది. పెళ్ళిచూపుల రోజు పార్లర్ అమ్మాయి నా మొహానికి సున్నం కొట్టినంత పని చేసింది. అబ్బాయి మాత్రం బావున్నాడు. గొంతు ఎక్కడో విన్నట్టే అనిపించింది. నెమ్మదైన మాట, ఒత్తయిన జుట్టు, నుదుటి మీదకి ఒక పాయ. ఆ పాయ నాకు భలే నచ్చింది. రెండు మూడు రోజులు దాన్నే తలుచుకున్నాను కూడా. ఇందులో సిగ్గు దేనికి?

కానీ సున్నం మొహంతో పెళ్ళిపీటల మీద కూర్చునేది లేదని గట్టిగా అనుకున్నాను. ఇద్దరూ ఓ సినిమాకి వెళ్ళి మాట్లాడుకోండని పెద్దవాళ్ళు అన్నప్పుడు, రాజమండ్రిలో ఆడుతున్న ఒక ప్రేమకథని నేనే ఎంచుకున్నాను. నల్లటి అమ్మాయిని హీరో మనసు చూసి ప్రేమిస్తాడట. పౌడరైనా రాయకుండా, కొట్లో కూర్చునే మొహంతోనే వెళ్ళాను. ఇంటర్వెల్లోగా అతని మొహంలో ఏ కాస్త చిరాకు కనబడినా ఈ సంబంధం వద్దని చెప్పెయ్యాలి. అదీ నా లెక్క.

నన్ను చూసి అతను ఏమీ తడబడలేదు. నాకే అది వింతగా అనిపించింది.

సినిమాలో హీరోయిన్ పాలరాతి బొమ్మ. మొహమంతా నల్లరంగు పులిమి, చెవుల వెనక పులమడం మర్చిపోయారు. హీరో స్నేహితుడు ఆమెని కాకి అన్నప్పుడల్లా హాలంతా ఒకటే నవ్వు. నేను మాత్రం అందరూ ముక్కు చీదుతున్న ఏడుపు సీన్లో ఆ తెల్లచెవులు చూసి పకపకా నవ్వేశాను. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. పక్కనుంచి అతను, నవ్వాపుకుంటూ, చెవులే కదండీ అని గొణిగాడు. నా మనసు సగం ఒప్పేసుకుంది.

ఇంటర్వెల్లో అతను లేచి బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చి నా పక్కన కూర్చున్న మనిషిది నున్నటి బట్టతల. ఈ సీట్లో మనిషున్నారండీ అనబోయి, చొక్కా చూసి ఆగిపోయాను.

"అది విగ్గండి. మా అమ్మ పెట్టించింది" అన్నాడు. "పైరేకు సోకు విప్పేదాకేనని మీరే అన్నారు కదండీ."

అప్పుడు గుర్తుపట్టాను. ముక్కులేని ఫొటో చూసి అనుమానమొచ్చి, అసలు మనిషెవరో చూద్దామని ముందే కొట్టుకొచ్చాడట. చూశాకే పెళ్ళిచూపులకి సరేనన్నాడట. ఇదంతా చెప్పి, వద్దనుకుంటే ఇప్పుడే చెప్పెయ్యమన్నాడు. తనేమీ అనుకోనన్నాడు. చేతిలోని సమోసాల పొట్లాన్ని మా ఇద్దరి మధ్యా పెట్టాడు.

నేను సంతోషించాలి కదా. నిజం చెప్పొద్దూ, నీరుగారిపోయాను. ఆ నుదుటి మీది పాయ ఇక లేదు. ఆ మూడు కుటుంబాల్నీ మనసులో ఎన్ని తిట్లు తిట్టానో, అన్నీ తిరిగొచ్చి నాకే తగిలాయి. రంగు తక్కువన్న వాళ్ళకీ, జుట్టు తక్కువని దిగులుపడుతున్న నాకూ తేడా ఏంటి? అలాగని ఏమీ పట్టనట్టు నటించడం నా వల్ల కాలేదు.

"నాకో ఐదు నిమిషాలివ్వండి" అన్నాను.

"ఆలోచించుకోవడానికాండీ?"

"కాదండి. మీ జుట్టు పోయింది కదా, కాస్త బాధపడతాను."

అతను గట్టిగా నవ్వాడు. ఈలోగా సినిమా మళ్ళీ మొదలైంది. హీరోయిన్ వానలో తడిసి తెల్లగా అయిపోతే హాలంతా ఈలలు. మేమిద్దరం సమోసాలు తిన్నాం.

ఇప్పుడు ఆదివారాలు మా కొట్లో ఆయనే డబ్బాలు కడతారు. విగ్గు మా అత్తగారి బీరువాలో ఎక్కడో ఉంది. నేను రేకులు చుడుతుంటే పక్కకొచ్చి, ఆ ఐదు నిమిషాలూ అయ్యాయా అని అడుగుతుంటారు. ఇంకా అవలేదండీ అంటాను. నిజానికి ఆ బాధ రెండు నిమిషాలైనా నిలవలేదు. పొట్లంలో మిగిలిన ఒక్క సమోసానీ తెర వైపు చూస్తూనే నా వైపు జరిపారు చూడండి, అక్కడితో సరి. ఆ మాట ఆయనకి ఇంకా చెప్పలేదు.