ఎండ వైపు సీటు

కొల్లేటి మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం.

ఏలూరులో మేం అద్దెకున్న ఇంటి ఓనరుగారు ఫైటర్ చేపల్ని పెంచేవారు. వాటి పిల్లల మేత కోసం డాబా మీద సీసాల్లో పచ్చనీళ్లు తయారుచేసేవారు. పచ్చనీళ్లంటే కంటికి ఆనని నాచు పెరిగే నీళ్లు. దానికి వెలుతురే ప్రాణం. అందుకే ఎవరు కనిపించినా "కాస్త ఎండ ఇప్పించండి" అనేవారు. మా ఆవిడ ఆరేసిన చీరలు ఎన్నిసార్లు జరిపించారో!

ఓసారి గుడ్లు పగిలి పిల్లలు వచ్చాక సీసాలన్నీ చెడి, నీళ్లు తెల్లబడిపోయాయి. నన్ను వెంటబెట్టుకుని తాడేపల్లిగూడెం వెళ్లి, స్నేహితుడి దగ్గర ఒక్క సీసా సంపాదించారు. తిరుగు బస్సులో మాకు నీడ వైపు సీట్లు దొరికాయి. ఆయన లేచి, ఎండ వైపు కిటికీ దగ్గరున్న పెద్దమనిషిని అడిగారు.

"ఏవండీ, మీరు నా సీట్లోకి వస్తారా?"

"ఏం, తడిసిందా అండీ?"

"లేదండీ, ఈ సీసాకి ఎండ కావాలి."

"ఈ నీళ్లకా? పెదపాడులో మా చేపలచెరువు నిండా ఇవేనండీ! డ్రమ్ముతో పట్టుకెళ్లండి."

"చెరువు నీళ్లతో పురుగులొచ్చి మా చేపపిల్లల్ని తినేస్తాయండీ. సాయంత్రానికి ఇది అందకపోతే ఒక్కటీ దక్కదు."

"అయితే కూర్చోండి. ఎండంతా మీదే, అనుభవించండి" అని పెద్దమనిషి లేచాడు.

మేత అందింది, పిల్లలు బతికాయి.

కల్పించింది ఒక్కటే. పెద్దమనిషి లేవలేదు. ఓనరుగారు ఆయన ఒడి మీదుగా చెయ్యి చాపి, సీసాని కిటికీ బయట పట్టుకుని ఏలూరు దాకా నిలబడే వచ్చారు. అలా రాస్తే మీరు నమ్మరని సీటిప్పించాను.