నీళ్లకు దక్కిన ఐసు

నిన్న మధ్యాహ్నం ఎండలో కార్లో మరిచిపోయిన ప్లాస్టిక్ సోడా సీసా మూత తిప్పగానే బుస్సుమని సగం నా చీర మీదికే పొంగింది, మిగిలింది తాగితే ఉత్త చప్పటి నీళ్లు. వేడినీళ్లలో గ్యాస్ నిలవదని బళ్లో చెప్పకముందే నాకు తెలుసు. ఆ చదువు ఇంట్లోనే అయింది, దాని తాలూకు కోపం ఇప్పటికీ చల్లారలేదు.

వన్ టౌన్ సందులో మాది గోలీసోడా కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఎండాకాలం వస్తే ఇల్లంతా తడిగోనె వాసన, ఐసు మీది ఊక వాసన, నిమ్మతొక్కల వాసన; శ్రీరామనవమి పానకం నాటికి మొదలైన గిరాకీ తాటిముంజలు ముదిరి తొలకరి పడేదాకా తగ్గేది కాదు, పగిలిన సీసాల గోలీలతో మేం పిల్లలం అరుగు మీద ఆడుకుంటుంటే నాన్న మిషను చక్రం తిప్పుతూ సీసాలను తలకిందులు చేస్తుండేవాడు. గ్యాస్ ఒత్తిడి గట్టిగా ఉండాలి, సీసా బాగా కుదపాలి, అన్నిటికంటే ముందు నీళ్లు చల్లగా ఉండాలి. "నీళ్లకి చలి పుడితేనేరా గ్యాస్ పట్టేది" అనేవాడు తాతయ్య. అందుకని పొద్దున్నే రిక్షాలో దిగే ఐసు దిమ్మంతా నీళ్ల తొట్టి చుట్టూ పేర్చేవాడు, ఒక్క ముక్క పక్కకు పోనిచ్చేవాడు కాదు.

ఆ నీళ్లకు జరిగిన మర్యాద మా అమ్మకు జరగలేదు. పెరట్లో రేకుల కింద కూర్చుని సీసాలన్నీ కడిగేది ఆవిడే. ఒక మే నెలలో వడదెబ్బ తగిలి అక్కడే పడిపోయింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. "నెత్తిన కాస్త ఐసుగుడ్డ వెయ్యండి బాబాయిగారూ" అని పక్కింటావిడ బతిమాలితే, తాతయ్య తొట్టి మీది గోనె సర్దుతూ, "నీళ్లు వేడెక్కితే సోడా చప్పబడుద్దమ్మా. కుండనీళ్లు చాల్లే" అన్నాడు. నాన్న చక్రం ఆపలేదు. అమ్మ కళ్లు మూసుకునే, "నాకేం వద్దులెండి మామయ్యగారూ" అంది. ఎలాగో బతికింది. ఆ పూట పెళ్లివారికి సోడాలు సమయానికి అందాయట, తాతయ్య మాట నిలబడిందట. పేరుకు ఇంటి కోడలు, విలువకు తొట్టిలో నీళ్ల తర్వాతే.

ఆ మిషను పాతసామాన్ల బండెక్కింది. కొట్టున్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు వేలాడుతున్నాయి. నిలదీసి అడుగుదామంటే తాతయ్యా లేడు, నాన్నా లేడు. మా ఫ్రిజ్ నిండా ఐసు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. నిన్న ఆ సీసా పారేసి, ఎండనపడి వచ్చిన అమ్మకు ఐసు వేసి గ్లాసుడు మంచినీళ్లిచ్చాను. ముక్కలన్నీ చెంచాతో తీసి గిన్నెలో పెట్టి, "నాకెందుకే, ఉంచు, దేనికన్నా పనికొస్తాయి" అంది.