ఇరవై ఐదో కంప్యూటర్

ఉదయం ఎనిమిదిన్నరకు ల్యాబు తాళం తీయగానే మాస్టారు ముందు లైట్లు వేయరు. కంప్యూటర్ల వెనక్కి వెళ్లి, ఒక్కో పెట్టె పక్కన అంటించి ఉన్న స్టిక్కరును బొటనవేలితో తడిమి చూస్తారు. అంచు లేచినదాన్ని గట్టిగా నొక్కుతారు. మొత్తం ఇరవై నాలుగు. ఆ తర్వాతే లైట్లు, ఫ్యాన్లు.

ఆ శిక్షణ సంస్థలో ల్యాబు అసిస్టెంటుగా ఆయనకిది పందొమ్మిదో ఏడు. స్టిక్కరు మీద ఉండేది ప్రోడక్ట్ కీ. అక్షరాలూ అంకెలూ కలిపి ఐదేసి చొప్పున ఐదు గుంపులు. కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాక అది కీ అడుగుతుంది. పొల్లుపోకుండా కొడితే కంపెనీ చూసుకుని సరే అంటుంది. ఆ సరే అనడమే యాక్టివేషన్. అది జరగకపోతే తెర మూలన ‘యాక్టివేట్ చేయండి’ అన్న మాట వచ్చి కూర్చుంటుంది, ఏం చేసినా కదలదు.

స్టిక్కర్లు చేతులు తగిలి అరిగిపోతాయి కదా అని మాస్టారు మొదటి ఏడాదే అన్ని కీలనూ అట్ట రిజిస్టరులో ఎక్కించారు. ఒక కంప్యూటర్ లోపలి బోర్డు మారిస్తే దాని కీ మొండికేసేది. అప్పుడు ఆయన కంపెనీకి ఫోన్ చేసి, తెర మీద కనిపించే యాభై అరవై అంకెలను చదివి, అవతలి గొంతు తిరిగి చెప్పిన అంకెలను కొట్టేవారు. విద్యార్థులు చుట్టూ మూగి ఊపిరి బిగబట్టి చూసేవారు. ‘కీ మాస్టారు’ అన్న పేరు అలా వచ్చింది. ఇంట్లో భార్య మాత్రం, “నా ఫోన్ నెంబరు అడిగితే జేబులు వెతుక్కుంటారు. పదకొండో కంప్యూటర్ కీ అయితే నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్తారు” అని దెప్పేది. అది దెప్పడమని ఆయనకు ఎప్పుడూ తోచలేదు.

అలాంటి మనిషి కడుపులో ఈ మధ్య మంట మొదలైంది. దాన్ని చేతులారా తెచ్చిపెట్టుకున్నది ఆయనే.

భార్య అన్నగారి కూతురు డిప్లొమా చేసి ఖాళీగా ఉంటే, ప్రిన్సిపాల్‌తో చెప్పి సంస్థలో టెక్నీషియనుగా పెట్టించారు. ఆ పిల్లకు స్క్రూడ్రైవరు పట్టుకోవడం నేర్పింది ఆయనే, తన ఇంటి భోజనాల బల్ల మీదే. పక్కన నిలబడి స్క్రూలు అందిస్తుందిలే అనుకున్నారు. తీరా చేరాక ప్రిన్సిపాల్ ఆ పిల్లకు సర్వరు ఉన్న అద్దాల గది ఇచ్చారు. ఏసీ గది, చక్రాల కుర్చీ. మాస్టారిది పందొమ్మిదేళ్లుగా కిర్రుమనే ప్లాస్టిక్ కుర్చీ. అటెండరు టీ ట్రే ముందు అద్దాల గదిలోకే తీసుకెళ్తున్నాడు. మాస్టారి దగ్గరికి వచ్చేసరికి టీ మీద మీగడ కట్టేది. ఆ మీగడను చెంచాతో తీసి పక్కన పెడుతూ రోజూ అద్దంలోంచి కొరకొరా చూసేవారు.

“మీ మేనకోడలు బాగా చురుకైంది మాస్టారూ” అని ఎవరైనా అంటే, “మా ఇంట్లోనే నేర్చుకుంది” అనేవారు. మొదటి వారం గర్వంగా అన్న ఆ మాటనే, రెండో నెల వచ్చేసరికి ఫిర్యాదు చేస్తున్నట్టు అనడం మొదలుపెట్టారు.

ఆ సోమవారం అన్ని కంప్యూటర్లలోనూ కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కింది. మాస్టారి బల్ల మీద ఉన్నదాంట్లో కూడా. కీలు కొట్టాల్సినప్పుడు పిలుస్తుందిలే అని ఆయన రిజిస్టరు చంకలో పెట్టుకుని తయారుగా ఉన్నారు. పిల్ల నవ్వుతూ వచ్చి, ఇప్పుడు ఒక్కోదానికి ఒక్కో కీ ఉండదనీ, సంస్థ మొత్తానికీ కలిపి ఒకే లైసెన్సు కొన్నారనీ, కంప్యూటర్లన్నీ వెళ్లి తన గదిలోని సర్వరునే అడుగుతాయనీ, అదే సరే అంటుందనీ చెప్పింది.

“మరి ఈ రిజిస్టరో?”

“ఉండనివ్వండి మావయ్యా. పాతవి ఎప్పుడైనా చూసుకోవాలంటే పనికొస్తుంది.”

పాతవి. ఆ ఒక్క మాట ఆయన వెంట పడింది. ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చున్నా వదల్లేదు. భార్య మేనకోడలి గురించి ఏదో అడిగితే, “ఆవిడగారికేం, మహారాణి” అని కంచం ముందు నుంచి లేచిపోయారు.

అయితే కొత్త పద్ధతిలో ఒక మెలిక ఉంది. కనీసం ఇరవై ఐదు వేర్వేరు కంప్యూటర్లు వచ్చి అడిగేదాకా సర్వరు ఒక్కదానికీ సరే అనదు. ఇరవై నాలుగు వచ్చినా ఇరవై నాలుగూ గుమ్మంలోనే నిలబడాలి. ఆ సంగతి పిల్లకు తెలుసు. మాస్టారి రిజిస్టరులో ముప్పై ఒకటి ఉన్నాయి కాబట్టి ఢోకా లేదనుకుంది. వాటిలో ఆరు పాడైపోయి స్టోరు గదిలో పడి ఉన్నాయనీ, రిజిస్టరులోంచి కొట్టేయడానికి చేయి రాక మాస్టారు అలాగే ఉంచేశారనీ తర్వాత తెలిసింది. మిగిలినవి ఇరవై ఐదు. ల్యాబులో ఇరవై నాలుగు, మాస్టారి బల్ల మీద ఒకటి.

సర్వరు లెక్క ఇరవై నాలుగు దగ్గర ఆగిపోయింది.

“మీ బల్ల మీదది నెట్‌వర్క్‌కి కలిపారు కదా మావయ్యా? ఇరవై ఐదు వస్తేగానీ సర్వరు దేనికీ సరే అనదు, ఒక్కటి తక్కువైంది” అని మంగళవారం అడిగింది పిల్ల.

“కలిపాను” అన్నారు మాస్టారు.

కలపలేదు. సోమవారం సాయంత్రమే తీగ పీకి, చుట్ట చుట్టి సొరుగులో పెట్టేశారు. ముందుగా అనుకుని చేసిన పనేం కాదు. తన కంప్యూటర్ వెళ్లి ఆ అద్దాల గది ముందు చేతులు కట్టుకుని నిలబడటం ఏమిటన్న ఉక్రోషంతో పీకారు. ఇప్పుడు పిల్ల అడిగేసరికి, ఆ తీగ ఎంత బరువైనదో తెలిసింది. సొరుగుకు తాళం వేశారు.

శనివారం ల్యాబులో ఇరవై నలుగురికి అర్హత పరీక్ష ఉంది. యాక్టివేషన్ లేని కంప్యూటర్‌లో ఆ పరీక్ష తెరుచుకోదు. శుక్రవారం సాయంత్రం నాలుగు దాటితే పరీక్షను ఇంకో కేంద్రానికి పంపేస్తామనీ, ఆ అమ్మాయిని కూడా ఇక పంపేసి పాత పద్ధతికే వెళ్తామనీ ప్రిన్సిపాల్ చెప్పేశారు. పాత పద్ధతి అన్న మాట మాస్టారి చెవిలో తేనెలా పడింది.

బుధ, గురువారాలు పిల్ల స్టోరు గదిలోనే గడిపింది. పాడైన ఆరింటిలో ఒక్కదానికైనా ప్రాణం పోద్దామని దాని మెమరీ దీనికి, దీని డిస్కు దానికి మార్చింది. మోచేతులదాకా దుమ్ము. అద్దాల గదిలో చక్రాల కుర్చీ ఖాళీగా ఉంది. టీ ట్రే మొదటిసారి తిన్నగా మాస్టారి దగ్గరికే వచ్చింది. టీ వేడిగా ఉంది. ఆయన ఆ రెండు రోజులూ ఊదుకుంటూ ఊదుకుంటూ తాగారు.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి ప్రిన్సిపాల్ ల్యాబులోకి వచ్చి, “మాస్టారూ, మీ రిజిస్టరు తీయండి. మీ కీలే కొట్టేయండి” అన్నారు.

ఈ మాట కోసమే కదా ఇన్నాళ్లూ చూసింది. మాస్టారు రిజిస్టరు తెచ్చారు గానీ తెరవలేదు. పిల్ల చూస్తుండగా ఒకటో నెంబరు ముందు కూర్చుని, కళ్లు తెర మీంచి తిప్పకుండా ఇరవై ఐదు అక్షరాలూ కొట్టారు. ఈ కీ ఈ ఎడిషన్‌కు చెల్లదు అంది తెర. వేలు జారిందేమోనని మళ్లీ కొట్టారు. చెల్లదంది. రెండో నెంబరూ అంతే. రిజిస్టరు తెరిచి, పేజీ మీద వేలు పెట్టుకుని పదకొండో నెంబరు ముందు కొట్టారు. అదీ అంతే.

“అవి పాత సిస్టమ్‌వి మావయ్యా. దీనికి పనిచేయవు” అంది పిల్ల మెల్లిగా.

వెనకాల ప్రిన్సిపాల్ గడియారం చూసుకున్నారు. రెండు నలభై. పరీక్ష పోతే సంస్థ పేరు పోతుంది. చెల్లని కీలు పట్టుకుని అందరి ముందు కూర్చున్నవాడిగా తన పేరూ పోతుంది. ఆ రెండోదే మాస్టారిని కుర్చీలోంచి లేపింది.

తన బల్ల దగ్గరికి వెళ్లి, సొరుగు తాళం తీసి, తీగ విప్పి పెట్టె వెనక గుచ్చారు. కంప్యూటర్‌ని ఆపి మళ్లీ ఆన్ చేశారు. పిల్ల సర్వరు గదిలోకి వెళ్లింది. కాసేపటికి తిరిగొచ్చి ల్యాబులో ఒక్కో కంప్యూటర్ చేతా మళ్లీ అడిగించింది. మూలన కూర్చున్న మాట ఒక్కో తెర మీంచి మాయమవుతూ వచ్చింది. మూడున్నరకు ఇరవై నాలుగూ శుభ్రంగా ఉన్నాయి. ప్రిన్సిపాల్ ‘శభాష్’ అన్నారు. ఎవరిని చూసి అన్నారో మాస్టారు జాగ్రత్తగా గమనించారు. పిల్లనే.

అందరూ వెళ్లాక ఆయన గొంతు సవరించుకుని, “తీగ వదులైనట్టుంది” అన్నారు.

“బుధవారమే చూశాను మావయ్యా. సర్వరులో పేర్లుంటాయి. అన్నీ వచ్చాయి, మీదొక్కటే రాలేదు.”

“మరి అడగలేదేం?”

“కలిపానన్నారుగా.”

మావయ్యను అబద్ధాలకోరు అనలేక రెండు రోజులు ఆ దుమ్ములో కూర్చుందన్నమాట. మాస్టారికి సిగ్గు వేసింది, కాదనలేం. కానీ అంతకంటే ముందు వచ్చింది వేరు. తెలివితేటలు చాలవన్నట్టు మర్యాద కూడానా దీనికి, అని ఒళ్లు మండింది.

“లిస్టులో నాది ఎన్నోది?” అని అడిగారు.

“ఇరవై ఐదోది. అది చేరాకే అన్నిటికీ సరే వచ్చింది. మధ్యలో ముప్పై రోజులు అడగకపోతే లెక్కలోంచి పోతుంది, రోజూ ఆన్ చేస్తూ ఉండండి.”

ఆ సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లి, తన కంప్యూటర్ లేకపోతే సంస్థలో ఒక్కటి కూడా నడవదని భార్యకు రెండుసార్లు చెప్పారు. “ఆ సంగతి అమ్మాయి చెప్పిందా, మీరే చెప్పుకుంటున్నారా?” అని ఆవిడ అడిగింది. పిల్ల నోటితోనే విన్నానన్నారు. ఆ రాత్రి కంచం ముందు నుంచి లేవలేదు.

సోమవారం నుంచి ఎనిమిదిన్నరకు తాళం తీయగానే స్టిక్కర్ల దగ్గరికి పోకుండా ముందు తన కంప్యూటర్ ఆన్ చేయడం మొదలుపెట్టారు. జలుబు చేసి సెలవు పెట్టిన రోజు కూడా మఫ్లరు చుట్టుకుని వచ్చి, ఆన్ చేసి వెళ్లారు.

పదో రోజున నోటీసు బోర్డులో కాగితం పెట్టారు. పరీక్ష సవ్యంగా జరిగినందువల్ల ల్యాబుకు వచ్చే నెల కొత్త కంప్యూటర్లు ఐదు వస్తాయి. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని చదివి, అక్కడే నిలబడి మనసులో కూడుకున్నారు.

ముప్పై. తనది తీసేసినా ఇరవై తొమ్మిది.