స్టూలు వేసి ఎక్కించిన కారు

పోయిన ఎండాకాలం ఖరీదైన ఎస్‌యూవీ కొందామని మొవ్వ నుంచి ఇంటిల్లిపాదీ బందరు షోరూముకి వెళ్లాం. అత్తయ్యని షోరూమువాళ్లు స్టూలు వేసి ఎక్కించారు. మావారు నడిపి చూస్తుంటే పిల్లలు సన్‌రూఫ్‌నీ, నేను ఏసీనీ మెచ్చుకుంటున్నాం.

కాలవగట్టు మీద ఆపి దిగాం. అత్తయ్య రోడ్డు మీద కాలు పెట్టగానే "అమ్మో!" అని కేకేశారు. చూస్తే ఒట్టికాళ్లు! తారు మండిపోతోంది.

"చెప్పులేవత్తయ్యా?"

"కొత్త బండి కదమ్మా, షోరూములోనే విప్పేశాను."

మళ్లీ ఎక్కలేకపోయారు. ఇక్కడ స్టూలేదీ? మావారు ఎత్తి కూర్చోబెడితే సిగ్గుతో చితికిపోయారు. "మీకు నచ్చితే తీసుకోండి నాన్నా. నేను ఎక్కడికైనా ఆటోలో వస్తాను" అన్నారు.

సుఖంగా ఉందా అని అంతసేపట్లో ఆవిణ్ణి ఒక్కరమూ అడగలేదు.

తర్వాత వెళ్లిన షోరూములో స్టూలు తేబోతుంటే మావారి మొదటి మాట: "ఆ స్టూలు తీసేయండి. ముందు మా అమ్మ ఎక్కి చూస్తుంది."