పడవకు నేను చెప్పిన కొలతలు

కృష్ణ దాటించే ఆ పాత పడవలో నలభై మందీ, ఎనిమిది ఎద్దులూ, ఒక పెళ్ళిమేళమూ ఒకేసారి పట్టేవని అచ్చంపేట టీ కొట్టు దగ్గర నేను చెప్పని రోజు లేదు. వినేవాళ్ళు నోరు తెరిస్తే ఇంకో రెండు ఎద్దులను ఎక్కించేవాణ్ణి. ఆ రేవు ఇప్పుడు ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది. పడవ ఎక్కినవాళ్ళలో మిగిలింది నేనొక్కణ్ణే. కాదనేవాళ్ళు ఎవరున్నారు?

మా వీధి వడ్రంగి నమ్మాడు. ఆ పడవ నడిపింది వాళ్ళ నాన్నే. ఇతను పాకే వయసులోనే ఆయన పోయాడు. ఫొటో కూడా లేదు. మసకబారుతున్న తన చూపు పూర్తిగా పోయేలోగా ఆ పడవను మళ్ళీ కట్టి చూసుకోవాలని ఇతని పంతం. పాత పడవ ముక్కల్లో దొరికినవి రెండే: ఎవరిదో గొడ్లపాకకు తలుపుగా మారిన నాలుగు వేళ్ళ మందం చెక్క, పడవ అడుగున పక్కటెముకలా ఉండే ఒక వంపు కొయ్య. మిగతాదంతా నా నోటి నుంచే రావాలి. పొడవెంతని అడిగాడు. అరవై అడుగులన్నాను. తక్కువ చెబితే నా ఎద్దులు ఎక్కడ నిలబడతాయి?

అతను ఏళ్ళ తరబడి దాచుకున్న టేకు అంత పొడవుకు చాలలేదు. దుంగలన్నిటినీ రెండు వేళ్ళ మందానికి పలచగా కోయించాడు. నాలుగు వేళ్ళ మందమున్న పాత చెక్క కళ్ళెదుటే ఉంది. అయినా, "కొయ్యకి నోరు లేదు, నీకుంది గదన్నా" అన్నాడు.

పడవకు ఆకారం వచ్చాక ఆ వంపు కొయ్యను ఈ కొస నుంచి ఆ కొస దాకా పెట్టి చూశాడు. ఎక్కడా కూర్చోలేదు. మూడో రోజు దాన్ని బల్ల మీద పెట్టి బాడిశ తీశాడు. నేను చెప్పిన పడవకు సరిపోయేలా వాళ్ళ నాన్న కొయ్యను చెక్కబోతున్నాడు.

"ఆగరా" అన్నాను. "ఆ కొయ్యే నిజం. నేను చెప్పిందే అబద్ధం."

ఎనిమిదేళ్ళప్పుడు ఒక్కసారే ఎక్కానని, నీళ్ళంటే భయంతో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా మా అమ్మ ఒళ్ళో తల దాచుకుని కళ్ళు మూసుకున్నానని చెప్పాను. అతను కోయించిన చెక్కలవైపు చూశాడు. ఒకసారి పలచనైన కలపను మళ్ళీ మందం చేసే రంపం లేదు.

బాడిశ పక్కన పెట్టి, "పడవ సంగతి పోనీలే" అన్నాడు. "మా నాయన మాత్రం నువ్వు చెప్పినట్టే ఉండేవాడు గదా? ఆరడుగుల మనిషి, తెల్ల తలపాగా, చేతిలో గెడ..."

అది కూడా నేను అల్లిందేనని చెప్పాను. నిజం చెప్పడం అలవాటు లేనివాణ్ణి. మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో తెలియలేదు.

ఇప్పుడా చెక్కలు అతని షెడ్డులో గోడకు ఆనించి ఉన్నాయి. ఎవరైనా అడిగితే తలుపులకని చెబుతున్నాడు. ఎదురుపడితే నన్ను పలకరిస్తాడు. ఏమీ అడగడు.