ఇద్దరే మిగిలిన ఆట

ఇక్కడ బర్మాలో మా తెలుగు చర్చి యువజనులకు క్రీడల క్విజ్ పెట్టే పని నాకు అప్పగించారు. నాకు బాస్కెట్‌బాల్ అంటే పిచ్చి అని అక్కడ అందరికీ తెలుసు. చౌక్తడాలో ఆఫీసు వదిలాక బస్సు మేముండే చిమిండైంగ్ చేరేదాకా ఫోనులో పాత అమెరికా కాలేజీ ఆటల కబుర్లే చదువుతుంటాను. మొదట్లో బుట్టకు అడుగు ఉండేదని, పడిన ప్రతిసారీ ఎవరో నిచ్చెనెక్కి బంతి తీసేవారని, అలాంటివి. ప్రశ్నలు రాసుకుని మా అమ్మకు వినిపించాను. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది.

"ఇయన్నీ పిల్లలకి ఫోన్లో దొరికీయే కదేటి. మన ఊరిదేదైనా అడగొచ్చు కదా. పెద్దమ్మ కాలేజీలో బంతాట ఆడినాది. ఆవిడి కాడికెల్లు" అంది.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. చర్చిలో ఆరాధన అయ్యాక పాటల పుస్తకాలు ఏరి బీరువాలో సర్దే ఆవిడను మేమందరం అలాగే పిలుస్తాం. డెబ్బై దాటాయి. నా భుజం దాకా వస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ చూస్తున్నాను, ఆవిడ నోట బాస్కెట్‌బాల్ అన్న మాట ఒక్కసారి కూడా వినలేదు.

శనివారం మధ్యాహ్నం బజారు వెనక ఉన్న వాళ్లింటికి వెళ్లాను. గుమ్మంలో చాప వేసుకుని గోంగూర ఒలుస్తోంది. సంగతి చెబితే నవ్వింది.

"నానేటి పెద్ద ఆడినానని. ఒక్క ఆట మాత్రం గేపకం ఉన్నాది. రాసుకుంతావా?"

అది రెండు కాలేజీల ఆడపిల్లల మధ్య ఫైనల్ ఆటట. వీళ్ల జట్టులో ఉన్నదే ఏడుగురు. అందులో ఇద్దరు ఆ పొద్దున జ్వరంతో లేవలేకపోయారు. ఐదుగురే వెళ్లారు. బెంచీ మీద కూర్చోవడానికి ఎవరూ లేరు.

"ఐదు ఫౌల్లయితే మనిసి బయటికెల్లిపోవాల. తెలుసు కదా నీకు. రిఫరీ మా గట్టోడు. సగం ఆట అయినాక ఒకమ్మాయి పోనాది. ఇంకాసేపటికి ఇంకొకమ్మాయి. ముగ్గురం మిగిలినాం. అప్పుటికీ పాయింట్లలో మాదే పైసెయ్యి. సివరాకర్న మూడో అమ్మాయి కూడా పోనాది."

"మరి ఆట ఆపీలేదా?"

"అవతలోల్ల కోచ్ ఆపీమన్నాడు. ఇద్దరితో ఆటేటన్నాడు. రిఫరీ జేబులోంచి రూల్ పుస్తకం తీసి సదివినాడు. ఇద్దరున్నంతకాలం ఆట ఆగదు. ఎందుకో సెప్పు."

ఇన్నేళ్లుగా చదువుతున్నాను, అది నాకు తట్టలేదు.

"గీతకి బయట నిలబడి బంతి లోపలికి ఇసరడానికి ఒకరు కావాల. లోపల పట్టుకోడానికి ఒకరు కావాల. ఇసిరినోలే పట్టుకోకూడదు. అందుకని ఇద్దరు. ఒక్కరైపోతే ఆట లేదు."

ఆవిడతోపాటు మిగిలింది ఒక కరెన్ తెగ అమ్మాయి. నది డెల్టాలోని ఊరినుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునేది, జట్టులో అందరికంటే పొడుగు. ఇద్దరే ఐదుగురి మీద ఆడారు. ఉన్న ఆధిక్యం కరిగిపోతూ వచ్చి చివరికి ఒక్క పాయింటుతో గెలిచారు.

"ఇద్దరూ ఎలగ ఆడినారు పెద్దమ్మా?"

"అంతా ఆవిడే. బంతి పట్టేది ఆవిడే, ఇసిరేది ఆవిడే. నాను నిలబడినాను. అంతే."

ఆ స్నేహితురాలు తర్వాత నర్సయిందట. కొన్నేళ్ల కింద వాళ్ల ఊళ్లోనే పోయింది. కప్పు కాలేజీలో ఉండిపోయింది, ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. ఫోటో తీసినవాళ్లు లేరు. నేను పుస్తకం మూశాను. ఆవిడ మాట నమ్మలేదని కాదు. కానీ క్విజ్‌లో ప్రశ్న పెడితే పిల్లలు రుజువు అడుగుతారు. మొహమాటపడుతూనే ఆ మాట అన్నాను.

పెద్దమ్మ ఏమీ అనుకోలేదు. "అవతల జట్టు కెప్టెన్ ఉన్నాది కదా. టీచరుగా చేసి రిటైరయినాది. మీ ఆఫీసు పక్క వీధే. ఓడిపోయినోలు అబద్దం సెప్పరు" అంది.

సోమవారం భోజనాల వేళ వెళ్లాను. ఆవిడ ఉండేది పాత భవనంలో పై అంతస్తు. వీధిలోకి వేలాడుతున్న తాడు లాగితే పైన గంట మోగింది. బాల్కనీలోంచి తెల్లజుట్టు ఆవిడ ఒకరు తొంగిచూసి, ఎవరని బర్మీస్‌లో అడిగింది. బాస్కెట్‌బాల్ గురించి వచ్చానని కిందినుంచి చెప్పాను. ఆవిడ మరేమీ అడగకుండా సంచీలో తాళంచెవి వేసి తాడుకు కట్టి దించింది. వీధి తలుపు తీసుకుని పైకి వెళ్లాను.

ఇక్కడ టీచరమ్మను సయామా అంటాం. నేనూ అలాగే పిలిచాను. ఇద్దరు ఆటగాళ్ల ఆట నిజమేనా అని అడిగాను. ఆవిడ టీ పోయబోతున్నదల్లా ఫ్లాస్కు కింద పెట్టేసింది.

"నీకు తెలిసింది ఎవరు? పొడుగావిడా, పొట్టావిడా?"

"పొట్టావిడ, సయామా. చిమిండైంగ్‌లో ఉంటుంది."

"కాలి సంగతి చెప్పిందా?"

లేదన్నాను. సయామా కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"మూడో అమ్మాయి ఐదో ఫౌల్ చేసినప్పుడు ముగ్గురు ఒకరి మీద ఒకరు పడ్డారు. పొట్టావిడ అడుగున ఉంది. లేచేసరికి చీలమండ తిరిగిపోయింది. మేమందరం చూశాం. ఆమె బయటికి వెళ్తే ఒక్కరే మిగులుతారు, ఆట మాది. మా కోచ్ కూడా ఆమె కూర్చుంటుందనే అనుకున్నాడు. ఆమె కూర్చోలేదు. నడిగీత దగ్గరికి కుంటుకుంటూ వెళ్లి ఒంటికాలి మీద నిలబడింది."

నిలబడినాను, అంతే. పెద్దమ్మ అన్న మాట నా చెవిలో పడినట్టే అయింది. అణకువకు అలా అన్నదనుకున్నాను. ఆవిడ చెప్పింది ఉన్నదున్నట్టుగా జరిగిన సంగతి.

"పొడుగావిడ మేం బంతి వేసే బుట్ట కింద దాన్ని లాక్కుని ఈమెకు విసిరేది. మేం ఐదుగురం చుట్టుముట్టేవాళ్లం. ఈమె ఒంటికాలి మీదే వంగి, మోకాలి కిందుగా బంతి కొడుతూ ఉండేది. చెయ్యి పెడితే ఫౌల్. పెట్టకపోతే టైము పోతోంది. ఈలోగా పొడుగావిడ పరుగున వచ్చేది, బంతి ఆమెకు వెళ్లిపోయేది. మేం కొన్ని వేశాం, చాలా పోగొట్టాం. స్కోరు సమానమైంది. అప్పుడు ఓపిక పట్టలేక ఈమె చేతి మీద కొట్టిన మనిషిని నేనే."

రెండు ఫ్రీ త్రోలు ఇచ్చారు. పెద్దమ్మ గీత దగ్గరికి స్నేహితురాలి భుజం పట్టుకుని వచ్చిందట. మొదటి బంతి రింగుకు తగిలి బయటికి పోయింది. రెండోది వేసేముందు నొప్పి కాలు పూర్తిగా ఎత్తేసి కొంగలా నిలబడింది. బంతి పడింది. తర్వాత సయామా జట్టు వేసిన ఆఖరి బంతి రింగు మీద తిరిగి కిందికి జారింది, పొడుగావిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని పొట్టకు అదుముకుంది. విజిల్ పడింది.

"గెలిచాక ఆమె కూలబడిపోయింది. బూటు ఊడి రాలేదు, కాలు అంత వాచిపోయింది. లేసు కోసి తీయాల్సి వచ్చింది. కోసింది కూడా నేనే."

టీ సంగతి ఇద్దరం మరిచిపోయాం. కింద వీధిలో టాక్సీల హారన్లు మోగుతున్నాయి. ఎదురుగా ఆవిడ తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఆ బంతి ఇప్పుడే చేజారినట్టు వాటిని చూసుకుంటోంది.

"ఇద్దరి చేతిలో ఓడిపోయామని మా మనవలకు చెప్పాను. నా దగ్గర చదువుకున్నవాళ్లకు చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. ఎవరైనా వచ్చి అడగడం ఇదే మొదలు" అని నా పుస్తకం తీసుకుని, బర్మీస్‌లో గుండ్రటి అక్షరాలతో మూడు ముక్కలు రాసి సంతకం పెట్టింది: మేము ఐదుగురం. వాళ్లు ఇద్దరు. వాళ్లు గెలిచారు.

ఆ సాయంత్రం బస్సులో ఫోను తీయలేదు. దిగి తిన్నగా పెద్దమ్మ దగ్గరికి వెళ్లి, కాలి సంగతి ఎందుకు దాచావని అడిగాను.

"దాచడమేటే. కాలు వాసిపోనాదని ఎవులికైనా సెప్పుకుంతారేటి? పరిగెట్టింది ఆవిడ. ఆవిడి లేదు తన గురించి సెప్పుకోడానికి. నాను సెప్తే ఆవిడిదే సెప్పాల" అంది. తర్వాత కాస్త ఆగి, "టీచరమ్మ బాగున్నాదా?" అని అడిగింది.

ఆదివారం క్విజ్‌కు సయామా టాక్సీలో వచ్చింది. నేను పిలిచాను గానీ వస్తుందనుకోలేదు. ఎంతమంది ఉంటే ఆట కొనసాగుతుందని అడిగితే పిల్లలు నలుగురన్నారు, ముగ్గురన్నారు. సయామా రాసింది చదివి, వెనక వరసలో కూర్చున్న పెద్దమ్మను చూపించాను. ప్రతి వారం తమ చేతుల్లోంచి పాటల పుస్తకాలు తీసుకునే మనిషి వైపు వాళ్లంతా ఒక్కసారి తిరిగారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఊరికే చూస్తూ ఉండిపోయారు. ఆ మొహాల్లో ఉన్నది నాకు తెలుసు, వారం రోజులుగా నాలోనూ అదే ఉంది.

సయామా వెళ్లి పెద్దమ్మ పక్కన కూర్చుంది. కాలు ఎలా ఉందని బర్మీస్‌లో అడిగింది.

"ఇప్పుడు రెండూ నొప్పే" అంది పెద్దమ్మ.

ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. పొడుగావిడ గురించే ఎక్కువ. నర్సయిందనీ, వాన కాలంలో పడవ మీద వెళ్లి కాన్పులు చేసేదనీ పెద్దమ్మ చెబుతుంటే సయామా ఒక్కొక్క సంగతీ మళ్లీ అడిగి తెలుసుకుంటోంది. నేను కుర్చీలు మడిచి గోడకు చేరుస్తూ విన్నాను.