అక్క ఊరా, తమ్ముడి ఊరా?

మా ఆవిడకి సెలవు దొరికిందన్న మాట వినగానే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆవిడ పనిచేసేది ఓ పెద్ద హోటల్ లాండ్రీలో. భూమి కింది అంతస్తు, కిటికీ లేని హాలు. ఒకపక్క వరసగా ఉతికే యంత్రాలు, ఇంకోపక్క దుప్పట్లని మింగి ఇస్త్రీ చేసి బయటికి వదిలే పొడుగాటి రోలర్లు. సెలవులు గడపడానికి వచ్చి పై గదుల్లో పడుకుని లేచినవాళ్ళ దుప్పట్లన్నీ ఓ గొట్టంలోంచి జారి ఆవిడ ముందు పడతాయి. అక్కడ అందరూ ఆవిడని దుప్పట్లక్క అంటారు. తడి దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని విదిలించాలి. అటు కొస ఆవిడ పట్టుకుందంటే ఇటువైపు మనిషికి జబ్బలదాకా అదురు. నేను లిఫ్టు మెకానిక్‌ని, బరువులు లాగిన చేతులు నావి, అయినా ఇంట్లో దుప్పటి మడత పెట్టేటప్పుడు ఏదో పనున్నట్టు వంటింట్లోకి తప్పుకుంటాను.

అలాంటి మనిషికి వారం రోజులు సెలవు. బాయిలర్ పాడైపోతే కొత్తది బిగిస్తున్నారట, అందాకా లాండ్రీ మూత. "ఎక్కడికైనా వెళదామండీ" అంది ఆవిడ, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి. పెళ్ళయ్యాక ఆ నోట ఆ మాట వినడం అదే మొదలు. జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి వేసి చూశాను. చల్లగానే ఉంది.

"వెళదాం. ఏ ఊరు?" అన్నాను. అదిగో, అక్కడే తప్పులో కాలేశాను.

మాది చిన్న ఊరు. ఇక్కణ్ణించి ఎవరైనా సరదాగా తిరిగి రావాలంటే ఉన్నవి రెండే మహానగరాలు. తూర్పుకి వెళ్ళే రైలెక్కితే ఓడరేవు నగరం, పడమటికి ఎక్కితే రాజధాని. ఒక దాంట్లో సముద్రం, ఇంకోదాంట్లో మ్యూజియాలు, పార్కులు. నాకు రెండూ ఒకటే. కాళ్ళు చాపుకుని కూర్చునే చోటుంటే అదే నాకు స్వర్గం. చిక్కల్లా ఏమిటంటే, ఓడరేవు నగరంలో మా ఆవిడ అక్క ఉంది, రాజధానిలో మా ఆవిడ తమ్ముడున్నాడు. వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

గొడవ పెద్దదేం కాదు. వాళ్ళమ్మ పోయాక, ఆవిడ కుట్టు మిషన్‌ని మా బావమరిది పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశాడు. దాని మీద ఆశ పెట్టుకున్న మా వదిన "అమ్మని తూకానికి వేశావు కదరా" అంది. "నీకు కావలసింది అమ్మా, మిషనా?" అని వాడన్నాడు. అంతే, ఏడేళ్ళు గడిచాయి.

మధ్యలో మా ఆవిడ. పనినించి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అక్కకి ఫోన్. అది అవగానే తమ్ముడికి ఫోన్. "వాడి మొహం చూడను" అని అక్కయ్యగారు సెలవిస్తే, ఆ మాట ఈవిడ చెవిలో పడి నోట్లోంచి బయటికొచ్చేసరికి "అక్క నీ ఆరోగ్యం జాగ్రత్త అందిరా" అయిపోయేది. "దాని పేరెత్తకు" అని తమ్ముడు కసిరితే, "వాడు నిన్ను తలుచుకోని రోజు లేదక్కా" అని అటు చేరవేసేది. కళ్ళార్పకుండా అబద్ధాలు. నా దగ్గర మాత్రం పావలా ఎక్కువకి కూర కొన్నా దాచలేదు, మొహమే చెప్పేస్తుంది. వాళ్ళిద్దర్నీ కలపాలి, అదొక్కటే ఆవిడ కోరిక. ఇంకో కోరిక ఆవిడకి ఉన్నట్టు నేను ఎరగను.

మరిప్పుడు ఏ ఊరు? అక్క దగ్గరికి వెళితే, నువ్వూ దాని పక్షమేనా అంటాడు వాడు. తమ్ముడి దగ్గరికి వెళితే అక్క జన్మలో క్షమించదు. సెలవు సంగతి తెలిసి ఇద్దరూ అప్పుడే పిలిచేశారు. వారమంతా నీకోసం ఖాళీగా పెట్టుకున్నాను, వస్తావా రావా అని ఇటో ఫోను, అటో ఫోను.

"అటు సగం, ఇటు సగం ఉందాం. దీనికింత ఆలోచనేమిటి?" అన్నాను.

"ముందు ఎవరింటికి?" అంది ఆవిడ.



ఆవిడ అన్నం సరిగ్గా తినలేదు, నిద్ర సరిగ్గా పోలేదు. బీరువాలోంచి బట్టలు తీస్తుంది, మళ్ళీ పెట్టేస్తుంది. రెండు అంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టుల్ని రోజూ బాగుచేస్తాను గానీ, ఈవిడని ఎటు జరపాలో నాకు తోచలేదు. చివరికి తనే ఓ ఉపాయం పన్నింది. ఇద్దరికీ ఫోన్ చేసి, సెలవు రద్దయింది, రావడం లేదు అని చెప్పేసింది. తర్వాత నావైపు తిరిగి, "అక్క ఊరికి టిక్కెట్లు తీయండి" అంది.

"ఇప్పుడే కదా రావడం లేదన్నావు!"

"ముందే చెబితే అక్క ఊరంతా టముకు వేస్తుంది, వాడికి తెలిసిపోతుంది. చెప్పకుండా వెళదాం. ఫోన్లో అయ్యే పని కాదండీ ఇది. ఎదురుగా కూర్చుని, చేతులు పట్టుకుని, అక్క నోటితో 'సరే, రమ్మను' అనిపిస్తాను. అనిపించి గానీ అక్కణ్ణించి కదలను."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం చూడాలి. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు కూడా అంత పట్టుదల లేదు. రైల్లో ఒక్క కునుకు తీయలేదు. అక్కతో ఏం చెప్పాలో పెదవులతో వల్లిస్తూ కూర్చుంది.

పొద్దున్నే దిగాం. మా వదిన వాళ్ళది మూడో అంతస్తు. లిఫ్టు పనిచేయడం లేదు, నా వృత్తికి జరిగిన అవమానంగా భావించి మెట్లెక్కాను. మా ఆవిడ గంట నొక్కింది, చీర సర్దుకుంది, మొహాన నవ్వు పెట్టుకుంది.

తలుపు తీసింది మా బావమరిది.

బనియన్‌తో ఉన్నాడు. నోట్లో బ్రష్షు, మూతి చుట్టూ నురగ. మమ్మల్ని చూసి బ్రష్షు తీయడం కూడా మరిచి గుడ్లప్పగించాడు. నేను తప్పు ఊరికి వచ్చామేమోనని గోడ మీద ఇంటి నంబరు చూశాను, నిజంగా చూశాను.

మా ఆవిడ చేతిలో సంచీ జారి కింద పడింది.

"ఎవరు పోయారురా?" అని కేకేసింది. "అక్కకేమైంది? చెప్పరా!"

వాడు ఈ గుమ్మంలో ఉన్నాడంటే ఇంకేం కారణం ఉంటుంది? వాడు చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు, నురగ మింగలేక ఉమ్మలేక. మా ఆవిడ వాణ్ణి ఒక్క తోపు తోసి లోపలికి పరుగెత్తింది. ఇంతలో వంటింట్లోంచి మా వదిన గొంతు, నిక్షేపంగా, హాయిగా, "ఎవర్రా అది, పాలవాడా? చిల్లర నా పర్సులో ఉంది, తీసివ్వు!" అంటూ.

మా ఆవిడ హాలు మధ్యలో కొయ్యబారిపోయింది.

వదిన గరిటెతో బయటికొచ్చింది. చెల్లెల్ని చూసింది, గరిటె వెనక్కి దాచింది, దొంగసొత్తు అదే అయినట్టు. సోఫాలో కూర్చున్న మా తోడల్లుడు పేపరు నెమ్మదిగా పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. దండెం మీద బావమరిది తువ్వాలు ఆరుతోంది. గోడ మీద ఒక ఫొటో, అక్కా తమ్ముడూ సముద్రం ఒడ్డున, గాలికి చెదిరిన జుట్టుతో, పగలబడి నవ్వుతూ. ఇవాళ్టిదీ నిన్నటిదీ కాదు, అందులో వాడికి ఇంకా పొట్ట రాలేదు.

"ఎప్పణ్ణించి?" అంది మా ఆవిడ.

వదిన కూర్చోబెట్టబోయింది. కూర్చోలేదు. చివరికి బావమరిది మూతి తుడుచుకుని చెప్పాడు. బావగారి కంటి ఆపరేషన్ కోసం అక్కావాళ్ళు రాజధానికి వచ్చారట. హోటల్లో దిగితే వీడికి తెలిసి, వెళ్ళి పెట్టెలు మోసుకుని ఇంటికి తెచ్చుకున్నాడట. అప్పటినించీ రాకపోకలే. "నాలుగేళ్ళయిందక్కా. ఈసారి ఇద్దరం నీకోసమే సెలవు పెట్టుకున్నాం. నువ్వు రానన్నావుగా, సెలవు పాడవడం ఎందుకని నేనే ఇటొచ్చాను."

నాలుగేళ్ళు! మొన్న కూడా ఫోన్ పెట్టేసి, "కొంచెం మెత్తబడ్డాడండీ" అని మురిసిపోయింది ఈవిడ.

"మరి నేను ఫోన్ చేసినప్పుడల్లా దాని పేరెత్తకు అని అరిచేవాడివి కదరా?"

వాడు నేల చూపులు చూశాడు. ఎదురుగా ఉన్న మనిషి దగ్గర వాడికి చిన్నప్పటినించీ దాచడం చేతకాదు, అడిగినదానికి తోడు అడగనిది కూడా చెప్పేస్తాడు. "అప్పుడు అక్క పక్కనే ఉండేది ఒక్కోసారి. నువ్వు 'అక్క నీకోసం కళ్ళనీళ్ళు పెట్టుకుందిరా' అన్నప్పుడు కూడా... ఫోన్ స్పీకర్లో ఉంది."

"నవ్వుకున్నారా?" అంది మా ఆవిడ.

వంటింట్లో ఏదో మాడుతోంది, ఎవరూ కదల్లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. "మనుషులేనా మీరు? ఈవిడ నడుం పట్టేసినా పడుకునే ముందు మీకు ఫోన్ చేయకుండా పడుకోలేదు" అని అరిచాను. తోడల్లుడి పేపరు ఇంకాస్త పైకి లేచింది.

"మరిదిగారూ, మీరాగండి" అంది వదిన. కళ్ళు నిండాయి ఆవిడకి. చెల్లెలి ముందుకొచ్చి నిలబడింది. "మొదటి రోజే చెబుదామనుకున్నామే. ఫోన్ చేతిలోకి కూడా తీసుకున్నాను. భయమేసింది. నువ్వు ఫోన్ చేస్తే మా గొడవ తప్ప ఇంకో మాటుండదు. మేం కలిసిపోయామని చెబితే, హమ్మయ్య అనుకుని నీ పనిలో నువ్వు పడిపోతావు. మళ్ళీ మాకు ఫోన్ చేస్తావన్న నమ్మకం లేకపోయింది. అందుకని వాడూ నేనూ అలా... సాగదీశాం."

"నీ సంగతి ఒక్కనాడైనా చెప్పావా అక్కా?" అన్నాడు తమ్ముడు. "హోటల్లో పని అని తెలుసు. ఏం పనో ఇప్పటికీ నాకు తెలియదు."

"నువ్వు అడిగావా?" అంది మా ఆవిడ.

అడగలేదు వాడు. వదినా అడగలేదు. ఆ ఒక్క ప్రశ్నతో ముగ్గురూ ముగ్గురే అని నాకర్థమైంది. ఒక తల్లి కడుపున పుట్టి, ఇన్నేళ్ళు రోజూ మాట్లాడుకుని, ఒకరి గురించి ఒకరికి ఏమీ తెలియకుండా బతికారు. కోపం పోయి భయం పట్టుకుంది నాకు.

మా ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. గుమ్మం దగ్గరికి వెళ్ళి, వంగి సంచీ తీసుకుంది.

"పదండి" అంది నాతో.

"ఇంటికా?"

"రాజధానికి."

అందరం నోరెళ్ళబెట్టాం. "అక్కడెవరున్నారు? నేనిక్కడే ఉన్నానుగా!" అన్నాడు బావమరిది.

"ఎవరూ లేరు. అందుకే. నేను ఒప్పించాల్సినవాళ్ళూ బుజ్జగించాల్సినవాళ్ళూ ఎవరూ లేని ఊరు ఎలా ఉంటుందో ఒక్కసారి చూస్తాను."

వాడు పరుగెత్తుకెళ్ళి తన ఇంటి తాళాలు తెచ్చాడు. పుచ్చుకోలేదు. "హోటల్లో దిగుతాం. వేరేవాళ్ళు ఉతికిన దుప్పటి మీద పడుకుంటాను" అంది.

అప్పటిదాకా ఆవిడని చూస్తూనే ఉన్నాను గానీ, ఈ మనిషిని నేను ఎరగను.

స్టేషన్‌కి వెనకాలే వచ్చారు ఇద్దరూ, ఇంట్లో ఉన్న బట్టల్తోనే. రైలు వచ్చేదాకా వద్దని బతిమాలారు, అన్నం తిని వెళ్ళమన్నారు. ఈవిడ బెంచీ మీద కూర్చుని పట్టాలకేసి చూసింది. చివరికి వాళ్ళలో వాళ్ళే మొదలుపెట్టారు. "నువ్వే కదరా చెప్పొద్దన్నావు!" "నేనా? 'ఇంకొన్నాళ్ళు పోనీ' అంది ఎవరు?" "స్పీకరు పెట్టింది నువ్వు!" "పెట్టమంది నువ్వు!" గొంతులు లేచాయి, ప్లాట్‌ఫారం మీద జనం తిరిగి చూశారు. ఇద్దరూ ఒక్కసారే మా ఆవిడవైపు తిరిగారు. "నువ్వే చెప్పవే, తప్పెవరిది?"

"మీరూ మీరూ తేల్చుకోండి. నేను సెలవులో ఉన్నాను" అని ఆవిడ రైలెక్కింది.

సామాను పైన పెట్టి నేను కూర్చునేసరికి వదిన కిటికీ దగ్గరికొచ్చేసింది. ఊచ పట్టుకుంది. రొప్పుతోంది. తమ్ముడు ఆవిడ వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు, బడిలో తప్పు చేసినవాడిలా.

"మళ్ళీ ఎప్పుడు ఫోన్ చేస్తావే?" అంది వదిన.

మా ఆవిడ మెల్లగా అంది, "ఏం మాట్లాడాలో నాకు తెలియదక్కా. మీ గొడవ తప్ప మీతో నేనెప్పుడూ ఏం మాట్లాడాను?"

రైలు కదిలింది. ఊచ వదలకుండా వదిన పక్కనే నడిచింది, నడక పరుగైంది.

"ఏం మాట్లాడొద్దే," అంది. "ఊరికే చెయ్యి."